రామేశ్వరంలో 22 తీర్థాల స్నానం: పెద్దవాళ్లతో వెళ్లేవారి కోసం

కాశీకి వెళ్లివచ్చినప్పటి నుంచి మా అమ్మకు రామేశ్వరం మీదే ధ్యాస. అక్కడి నుంచి తెచ్చిన గంగాజలం రామనాథస్వామి అభిషేకానికి సమర్పిస్తేనే ఆ యాత్ర పూర్తయినట్టని ఆవిడ నమ్మకం. మొన్న మాఘమాసంలో అమ్మను, పిన్నిని వెంటబెట్టుకుని వెళ్లి వచ్చాను. పెద్దవాళ్లను తీసుకెళ్లేవారికి ముందుగా తెలియవలసిన సంగతులన్నీ గుడి లోపలున్న 22 తీర్థాల (పవిత్రమైన బావులు, కొలనుల) స్నానంలోనే ఉన్నాయి కనుక దాని గురించే రాస్తున్నాను.

మొదటి స్నానం తూర్పు గోపురానికి ఎదురుగా ఉన్న అగ్నితీర్థంలో, అంటే సముద్రంలోనే. అక్కడ అలలు లేనట్టే ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లు భయం లేకుండా మునగవచ్చు. తడిబట్టలతోనే గుడిలోకి వెళ్లి, మహాలక్ష్మీ తీర్థంతో మొదలుపెట్టి కోటితీర్థం వరకు ఒక్కొక్క చోటా నీళ్లు పోయించుకోవాలి. బావి గట్టు మీద నిలబడిన మనిషి చేద వేసి, గిలక సాయం లేకుండా చేతులతోనే తోడి, రెప్పపాటులో నెత్తిన కుమ్మరిస్తాడు. సావిత్రి, గాయత్రి, సరస్వతి తీర్థాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకచోట నీళ్లు చల్లగా, ఇంకోచోట గోరువెచ్చగా తగిలాయి. సముద్రం అంత దగ్గరలో ఉన్నా, కోటితీర్థం నీళ్లు దోసిట పట్టి తాగిన అమ్మ "ఉప్పు జాడే లేదురా" అని మళ్లీ చెయ్యి చాచింది.

మేము వెళ్లినప్పుడు టికెట్ మనిషికి 25 రూపాయలు. ఒడ్డున ఒకతను తెలుగులోనే పలకరించి, అన్నీ దగ్గరుండి చేయిస్తానని ముగ్గురికీ కలిపి 1500 తీసుకుని, సగం తీర్థాలు కాకముందే కనిపించకుండా పోయాడు. మిగిలిన చోట్ల మామూలు టికెట్ వారితో నిలబడ్డాం, నీళ్లలో ఏ తేడా కనిపించలేదు. డబ్బు పోయినందుకు కాదు, తడిబట్టలతో వణుకుతున్న ఇద్దరు పెద్దవాళ్లను నడిమధ్యలో వదిలేసినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది. కాబట్టి టికెట్ మీరే తీసుకోండి.

రాతి నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవారి చెయ్యి వదలకూడదు. పట్టుచీర తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది, నేతచీరే మేలు. తడిబట్టలతో గర్భాలయం వైపు వెళ్లనివ్వరు కనుక, స్నానం చేయని మనిషి ఒకరు పొడిబట్టల సంచితో ఉండటం అవసరం. మాకు ఆ ఏర్పాటు లేక, సంచి కోసం నేను బసకు వెళ్లి వచ్చేదాకా అమ్మావాళ్లు తడిబట్టలతోనే కూర్చున్నారు.

బట్టలు మార్చుకున్నాక 1212 స్తంభాలున్న మూడో ప్రాకారంలో తాపీగా నడిచాం. ఈ స్నానం శ్రమే. అయినా 68 ఏళ్ల మా అమ్మ ఒక్క తీర్థం కూడా వదలకుండా పూర్తిచేసింది. వచ్చే ఏడాది మా అత్తగారిని తీసుకెళ్లాలని ఇప్పటికే అనుకున్నాం, ఈసారి సంచి పట్టుకునే పని మా తమ్ముడిది.