శానిటైజర్ సీసాకు ‘కొలత పంపు’ కొనబోతున్నారా? కాస్త ఆగి ఇది చదవండి

ఇంట్లో బీరు తయారుచేసుకునేవారిలో, పాత్రల మీది సూక్ష్మజీవులను చంపే శానిటైజర్ సీసాకు బిగించుకునే కొలత పంపును ఆన్‌లైన్‌లో కొనాలని చూస్తున్నవారి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. ఒక్కసారి నొక్కితే కచ్చితంగా 30 మిల్లీలీటర్లు వస్తుందని, కింద చుక్క పడదని, ఆమ్లాన్ని తట్టుకుంటుందని రాసి అమ్మిన పంపును నేను కొన్నాను. ఆ మూడు మాటల్లో ఒక్కటీ నిలబడలేదు. అమ్మినవారి పేరు చెప్పడం లేదు. అదే ఫోటోతో అదే పంపు నాలుగైదు పేర్ల మీద కనిపిస్తోంది కనుక, పేరు కంటే దాని ఆనవాళ్లు తెలుసుకోవడమే కొనేవారికి ఉపయోగపడుతుంది.

నేను ఉండేది టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో. ఊళ్లో ఉన్న మా పెద్దవాళ్లకు నా వ్యాపకం సారా కాయడంలాగే వినిపిస్తుంది గానీ, 1978లో వచ్చిన చట్టం ప్రకారం అమెరికాలో ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో సొంత వాడకానికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు బీరు తయారుచేసుకోవచ్చు. నేను అందులో పదో వంతు కూడా చేయను. చేసిన కొంచెమైనా పాడవకూడదంటే, బీరు కోసం కాచిన ధాన్యపు రసం చల్లారిన తర్వాత దాన్ని తాకే ప్రతి గొట్టాన్నీ, మూతనూ, పాత్రనూ ముందుగా శానిటైజర్‌తో తడపాలి.

ఇక్కడ చాలామంది వాడేది స్టార్ సాన్ వంటి ఆమ్ల శానిటైజర్. ఫాస్ఫారిక్ ఆమ్లానికి నురగనిచ్చే మరో ఆమ్లాన్ని కలిపి చేసిన చిక్కటి ద్రవం అది. 5 గ్యాలన్ల నీటికి, అంటే సుమారు 19 లీటర్లకు, ఒక ఔన్సు అంటే దాదాపు 30 మిల్లీలీటర్లు కలపాలి. ఆ మోతాదులో కలిపిన నీళ్లతో ఒకటి రెండు నిమిషాలు తడిగా ఉంచితే చాలు, మళ్లీ కడగనక్కర్లేదు. అయితే ‘కడగనక్కర్లేదు’ అన్న సౌలభ్యం సరైన మోతాదుకే వర్తిస్తుంది. ఎక్కువైతే పాత్రలో ఆమ్లం మిగిలిపోతుంది, తక్కువైతే సూక్ష్మజీవులు మిగిలిపోతాయి. కలిపిన నీటి పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే అంకె, ఆమ్లం ఎక్కువైతే ఇది తగ్గుతుంది) 3 కంటే తక్కువగా ఉండాలన్నది అందరూ పాటించే కొండగుర్తు. మా ఊరి నీళ్లు ఎడ్వర్డ్స్ సున్నపురాతి పొరల నుంచి వచ్చే గట్టి నీళ్లు. వాటిలోని సున్నం ఆమ్లాన్ని కొంత తినేస్తుంది కాబట్టి మోతాదు కాస్త తగ్గినా మాకు ఆ గీత దాటిపోతుంది. నురగ బాగా వస్తోంది కదా అని నమ్మడానికి లేదు, సగం మోతాదుకు కూడా నురగ వస్తుంది.

కొత్త పంపుతో కలిపిన మొదటి బకెట్‌లో పీహెచ్ పట్టీ 3 కంటే పైన చూపించింది. పట్టీ పాతదేమోనని కొత్త డబ్బా తెప్పించాను, అదీ అదే చెప్పింది. అప్పుడు పంపు కింద గీతలున్న కొలత గ్లాసు పెట్టి పదిసార్లు నొక్కి చూశాను. మొదటి నొక్కుకు గాలే వచ్చింది. ఆ తర్వాత ఒకసారి 21, ఒకసారి 24, ఒకసారి 27 మిల్లీలీటర్లు వచ్చాయి గానీ 30 ఒక్కసారీ రాలేదు. నెమ్మదిగా నొక్కితే ఒక లెక్క, గట్టిగా నొక్కితే ఇంకో లెక్క. సీసా సగానికి దిగిన తర్వాత మరీ తగ్గింది. ఎప్పుడూ ఒకే తేడా వస్తే మనసులో లెక్క కట్టుకుని సరిపెట్టుకోవచ్చు, ఇలా నొక్కు నొక్కుకూ మారే తేడాకు ఏ లెక్కా పనికిరాదు. ఈలోగా తయారైన రెండు విడతల్లో ఒకదాని మీద తెల్లటి పొర కట్టి పుల్లబడింది. దానికి పంపే కారణమని ప్రమాణం చేసి చెప్పలేను, ఆ రోజు వాడిన గొట్టం కూడా పాతదే.

డబ్బు పరంగా అసలు నష్టం చేసింది మాత్రం చుక్కలే. నొక్కడం ఆపిన తర్వాత ముక్కులో మిగిలిన ద్రవం ఒక్కో చుక్కగా జారుతుంది. పంపు బిగించాక సీసాకు మూత పెట్టే వీలుండదు కనుక, రాత్రంతా అలా జారుతూనే ఉందని నాకు తెలియలేదు. పొద్దున చూస్తే వంటింటి పాలరాతి గట్టు మీద రూపాయి బిళ్లంత మచ్చ, దాని పక్కన మరో రెండు కనిపించాయి. అవి తుడిస్తే పోయే మరకలు కావు. పాలరాయి కూడా సున్నమే కాబట్టి ఆమ్లం తగిలిన చోట రాయే కరిగి, మెరుపు పోయి గరుకుగా తేలింది. అద్దె ఇల్లు కావడంతో ఆ గట్టును మళ్లీ పాలిష్ చేయించే ఖర్చు నా మీదే పడింది, అది పంపు ధరకు పది రెట్లకు పైనే. గ్యారేజీలో పెట్టుకుంటే ఈ బెడద ఉండదని అనుకోకండి, సిమెంటు నేలనూ ఈ ద్రవం అలాగే తింటుంది.

మూడో వారానికి పంపులోంచి వచ్చే ద్రవం లేత తుప్పు రంగులోకి మారింది. విప్పి చూస్తే లోపలి స్ప్రింగు మామూలు ఉక్కుది, అదీ ద్రవంలోనే మునిగి ఉంది. చేతులకు రాసుకునే లోషన్ కోసం చేసిన పంపుకు ‘ఆమ్లాలకు అనువైనది’ అన్న మాట తగిలించి అమ్మారన్నమాట. తిరిగి తీసుకోమని అడిగితే, రసాయనంతో వాడిన వస్తువును వెనక్కి తీసుకోబోమని సమాధానం వచ్చింది. రసాయనం కోసమేనని అమ్మిన వస్తువుకు ఈ జవాబు ఎలా కుదురుతుందని మళ్లీ రాశాను, ఇంతవరకు బదులు లేదు.

నా వైపు నుంచి జరిగిన పొరపాటు కూడా చెప్పాలి. ఆ పేజీలోని అభిప్రాయాలను నేను పైపైన చూశాను, అన్నీ ఐదు నక్షత్రాలే. తర్వాత నింపాదిగా చదివితే వాటిలో సగానికి పైగా కాఫీ సిరప్ గురించీ తేనె గురించీ రాసినవి. వేరే వస్తువు అభిప్రాయాలను దీని కిందికి చేర్చారన్నమాట. మీరు కొనేముందు ఆ అభిప్రాయాల్లో ఆమ్లం గురించి గానీ శానిటైజర్ గురించి గానీ ఎవరైనా రాశారేమో వెతకండి. స్ప్రింగు ద్రవానికి తగలకుండా బయట ఉందా, ద్రవం వెనక్కి జారకుండా ఆపే లోపలి గోళీ గాజుదా లోహానిదా అని అమ్మేవారిని సూటిగా అడగండి. సమాధానం రాకపోతే కొనకండి.

నిజానికి స్టార్ సాన్ సీసాకే పక్కన గీతలున్న చిన్న కొలత గది ఉంటుంది. పెద్ద మూత బిగించి ఉంచి, కొలత గది మూత మాత్రమే తీసి, సీసాను మెల్లగా నొక్కితే ద్రవం ఆ గదిలోకి ఎక్కుతుంది. రెండు మూతలు తారుమారు చేస్తేనో, తొందరపడి గట్టిగా నొక్కితేనో ఒలుకుతుంది. నేను పంపు కొనడానికి కారణం అలా రెండుసార్లు ఒలకబోసుకోవడమే. ఇప్పుడు పాత సీసాకే తిరిగి వచ్చాను, దాన్ని ప్లాస్టిక్ ట్రేలో నిలబెట్టి మాత్రమే తెరుస్తున్నాను. పక్కనే వంటసోడా కలిపిన తడిగుడ్డ ఉంచుకుంటాను, చుక్క పడితే అప్పుడే తుడిచేయడానికి. బ్లీచుతో మాత్రం తుడవకండి, ఆమ్లం తగిలితే బ్లీచు నుంచి విషపు క్లోరిన్ వాయువు వస్తుంది.

తక్కువ మోతాదుకు సీసా గీతలు కూడా చాలవు. లీటరు స్ప్రే సీసాకు కావలసింది ఒకటిన్నర మిల్లీలీటర్లు, ఒక గ్యాలనుకు ఆరు. దీనికి పిల్లలకు మందు పోసే పది మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సిరంజి సరిగ్గా సరిపోతుంది, మందుల షాపులో చవకగా దొరుకుతుంది. వంటింటి తూకంతో గ్రాములను మిల్లీలీటర్లుగా లెక్కేసుకోకండి, ఈ ద్రవం నీటి కంటే బరువు కాబట్టి తక్కువ పడుతుంది. ముందు నీళ్లు పోసి, తర్వాతే శానిటైజర్ వేస్తే నురగ బకెట్ దాటి పొంగదు. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పని కాగానే సిరంజిని నీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. నేను ఒకసారి కడగకుండా వదిలేస్తే లోపలి రబ్బరు బిగుసుకుపోయింది. మా ఇంట్లో పసివాడి జ్వరం మందుకు వాడే సిరంజి కూడా అదే రకం, అదే రంగు. అందుకే దీని మీద చెరగని సిరాతో ‘ఆసిడ్’ అని రాసి, మందుల డబ్బా ఉన్న గదిలో కాకుండా గ్యారేజీలో, తాళం ఉన్న అల్మారాలో పెట్టాను.