ఐదేళ్ల పిల్లలకు ఫుట్‌బాల్: వరుసలో నిలబెట్టి నేర్పడమా, ఆడించడమా? ఏది మేలు?

ఆదివారం పొద్దున్నే బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఏ టర్ఫ్ (కృత్రిమ గడ్డి పరిచిన మైదానం) దగ్గర ఆగినా పసిపిల్లల ఫుట్‌బాల్ క్లాసు కనిపిస్తుంది. ముందు కోన్లు, వాటి వెనక వరుసలో పదీ పన్నెండు మంది. ఒకరు బంతితో కోన్ల మధ్య వంకర్లు తిరిగి వచ్చాకే వెనకవాళ్ల వంతు. మా వాణ్ణి ఐదో ఏట అలాంటి అకాడమీలోనే చేర్చాం. ఒకరోజు గట్టు మీద కూర్చుని లెక్కపెట్టాను. ముప్పావు గంట క్లాసులో వాడి వంతు ఆరుసార్లు వచ్చింది. ఒక్కోసారి అర నిమిషం. అంటే బంతి వాడి దగ్గర ఉన్నది మూడే నిమిషాలు! మిగతా సేపంతా ముందున్న పిల్లాడి బిబ్ (జట్టు గుర్తుగా చొక్కా మీద తొడిగే చేతుల్లేని పైతొడుగు) లాగడం, షూ లేసు విప్పుకోవడం, "అమ్మా, ఇంకెంతసేపు?" అన్నట్టు నా వైపు చూడడం.

మూడు నెలల తర్వాత మాన్పించి, మా అపార్ట్‌మెంట్ లాన్‌లో నలుగురు తల్లిదండ్రులం కలిసి సొంతంగా మొదలుపెట్టాం. ఏడాది దాటింది. రెండు పద్ధతులూ దగ్గరగా చూశాక నా మాట ఇది: నాలుగు నుంచి ఆరేళ్ల వరకు ఆటే మేలు. కోన్ల మధ్య తిప్పడం లాంటి డ్రిల్స్ తప్పని కాదు, వాటికి ఇంకా వయసు రాలేదు.

మేం ఎక్కువగా ఆడించేది మన చిన్నప్పటి నేల-బండనే కాస్త మార్చి. ప్రతి పిల్లకీ ఒక బంతి. మధ్యలో ఒక దొంగ. "నేల" అంటే బంతిని కాలితో నెట్టుకుంటూ దొంగకు దొరక్కుండా తిరగాలి. "బండ" అనగానే బంతి మీద అరికాలు ఆనించి బొమ్మలా ఆగిపోవాలి. కదిలినవాళ్లు తర్వాతి దొంగ. కన్నడంలోనూ బండె అంటే రాయే కాబట్టి మాతో ఆడే కన్నడ పిల్లలకూ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. ఈ ఆటలో బంతిని ఆపడం, ఉన్నట్టుండి దారి మార్చడం, తలెత్తి చుట్టూ చూడడం అన్నీ ఉన్నాయి. కోన్ల దగ్గర ఎన్నిసార్లు చెప్పినా తలెత్తని మా వాడు ఇక్కడ రెండో వారానికే ఎత్తాడు. ఎత్తకపోతే దొంగకు దొరికిపోతాడు మరి.

పెద్దవాళ్లకు కూడా ఇలాగే ఆటలోనే నేర్పిన మనిషి మన హైదరాబాద్‌లోనే ఉండేవారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టుకు స్వర్ణం తెచ్చిన ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్. వాటం లేని కాలితోనే ఆడాలి అనే నియమంతో పోటీలు పెట్టేవారట. పాఠమంతా ఆ ఒక్క నియమంలోనే ఉంది. పిల్లల విషయంలో నేను పట్టుకున్నదీ అదే: చెప్పడం తగ్గించి, నియమం మార్చడం.

మ్యాచ్ ఎలా ఆడించాలన్న దగ్గర తేడా ఇంకా పెద్దది. అకాడమీలో అటు ఏడుగురు, ఇటు ఏడుగురు, గోల్ దగ్గర చెరో కీపర్. కానీ ఈ వయసు పిల్లలు బెల్లం చుట్టూ ఈగల్లా బంతి చుట్టూ మూగుతారు. పద్నాలుగు మంది కాళ్ల మధ్య బంతి కనిపించదు. కాస్త దుడుకుగా ఉన్న ఇద్దరే ఆడతారు, కీపర్ పిల్ల గడ్డి పీకుతూ కూర్చుంటుంది. జర్మనీలో 2024-25 సీజన్ నుంచి అందరికన్నా చిన్నవాళ్లకు ఇద్దరిద్దరు లేదా ముగ్గురు ముగ్గురు, నాలుగు చిన్న గోల్స్, కీపర్ లేకుండా ఆడించడమే నియమం. మేమూ ముగ్గురేసి ఆడిస్తాం. గోల్‌కు గుర్తు రెండు చెప్పులు. "పాస్ ఇవ్వు" అని అరవడం కూడా మానేశాం. అయిదేళ్ల పిల్లకు బంతి ఇప్పుడే చేతికొచ్చిన బొమ్మ, ఇంకొకరికి ఎందుకిస్తుంది?

అకాడమీది పైచేయి అయిన చోట్లు లేకపోలేదు. మేం మొదట కొన్నవి 5వ సైజు బంతులు, పెద్దవాళ్లు ఆడేవి. చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 గ్రాముల పైనే. అంత చిన్న కాలికి అది రాయే. ఒక పాప తన్ని, పాదం పట్టుకుని ఏడ్చాక తెలిసింది, చిన్నపిల్లలకు 3వ సైజు కావాలని. అకాడమీలో మొదటి రోజు నుంచే అది ఉంది. వానొస్తే మా లాన్ బురద, ఆ వారం ఆట లేదు. వాళ్లకు ఆ బాధ లేదు. డబ్బు దగ్గర మాత్రం మాదే పైచేయి, మాకు బంతులు, బిబ్‌ల ఖర్చు తప్ప ఏమీ లేదు.

అయినా మళ్లీ మళ్లీ గుర్తొచ్చేది వేరే విషయం. మొన్న వాన వెలిశాక ఆట మధ్యలో ఒక పాప ఆగి, కిందికి వంగింది. రోకలిబండ పురుగు. దాన్ని ముట్టుకోగానే చుట్ట చుట్టుకుంది. బంతులన్నీ వదిలేసి అందరూ దాని చుట్టూ చేరారు. అకాడమీలోనైతే ఈల పడేది, వరుసలోకి వెళ్లమనేవారు. మేం రెండు నిమిషాలు ఊరుకున్నాం. అది విప్పుకుని కదిలాక పిల్లలే వెనక్కి వచ్చి, "బండ ఆడదాం" అన్నారు.

మా వాడికి ఎనిమిదేళ్లు వచ్చాక మళ్లీ అకాడమీలో చేర్చాలనే ఉంది. అప్పటికి వంతు కోసం ఆగే ఓపిక, చెప్పింది విని మార్చుకునే తెలివి వస్తాయి. ఈలోపే చేర్చక తప్పనివాళ్లు ట్రయల్ క్లాసుకు ఫోన్‌లో టైమర్ పెట్టుకుని వెళ్లండి. బంతి మీ పిల్ల కాళ్ల దగ్గర ఉన్నంతసేపే దాన్ని నడవనివ్వండి. క్లాసులో సగం సేపైనా తేలితే ఫీజు కట్టేయండి.