మూడు ట్రావియాటాలు: ఇంట్లో చూడడానికి ఏది మేలు?

ఇటలీ సంగీతకర్త వెర్డి రాసిన ఒపెరా, అంటే కథంతా పాటల్లోనే నడిచే సంగీతనాటకం, 'లా ట్రావియాటా'. దాని కథ మనకేమీ కొత్తగా ఉండదు. పారిస్‌లో డబ్బున్న మగవాళ్ల పోషణలో బతికే వియొలెటా. ఆమెను మనసారా ప్రేమించిన ఆల్ఫ్రెడో. మధ్యలో దిగే అతని తండ్రి జెర్మోన్. నీవల్ల మా అమ్మాయి పెళ్లి ఆగిపోయేలా ఉంది, నువ్వు తప్పుకో అంటాడు ఆ పెద్దమనిషి. ఆమె తప్పుకుంటుంది. చివరికి క్షయతో పోతుంది.

చిక్కంతా ఆ క్షయ దగ్గరే. ఊపిరితిత్తులు పాడైన మనిషి మైకు లేకుండా, నిండు ఆర్కెస్ట్రాను దాటి వినబడేలా పాడాలి. 1853లో వెనిస్‌లోని లా ఫెనీచే థియేటర్లో మొదటి ప్రదర్శన బోల్తా కొట్టింది. నాయిక మరీ పుష్టిగా ఉండడంతో ఆమెకు క్షయ అంటే జనం నవ్వారట. మన పద్యనాటకాల్లో వన్స్‌మోర్ పడితే చచ్చిపడున్న పాత్ర కూడా లేచి పద్యం అందుకుంటుందని చెప్పుకుంటాం కాబట్టి మనకు ఇదంత వింత కాదు. కానీ హాల్లో వెనక వరసలో కూర్చున్నవాడు సర్దుకుపోయినట్టు టీవీ ముందు కూర్చున్నవాడు సర్దుకుపోలేడు. కెమెరా ముఖం మీదే ఉంటుంది. అందుకే ఈ ఒపెరా వీడియోల్లో నేను ముందుగా చూసేది ఒకటే: పాడే మనిషి ఊపిరి కనబడుతోందా, లేదా?

డీవీడీల్లో పేరున్నవి చాలానే ఉన్నాయి గానీ నేను మళ్లీ మళ్లీ పెట్టుకునేవి మూడు.

మొదటిది ఫ్రాంకో జెఫిరెల్లి 1982లో తీసిన సినిమా. అవును, సినిమానే. స్టేజీ లేదు, చప్పట్లు లేవు. టెరీసా స్ట్రాటాస్ (వియొలెటా), ప్లాసిడో డొమింగో (ఆల్ఫ్రెడో), కార్నెల్ మెక్‌నీల్ (జెర్మోన్) ముందే పాటలు రికార్డు చేసుకుని, తర్వాత కెమెరా ముందు పెదవులు కదిపారు. గొంతులు వాళ్లవే గానీ పద్ధతి మన సినిమా పాటల పద్ధతే. వాద్యబృందం న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా వాళ్లది, నడిపింది జేమ్స్ లెవైన్. కళాదర్శకత్వానికీ దుస్తులకూ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయంటే ఆశ్చర్యం లేదు. అద్దాలు, షాండ్లియర్లు, పట్టుతెరలు... ఎక్కడ చూడాలో తెలియదు. వియొలెటా స్నేహితురాలు ఫ్లోరా ఇంటి విందులో మాస్కో బల్షోయ్ బాలే జంట మాక్సిమోవా, వసీలియెవ్ నాట్యం చేస్తారు. జెఫిరెల్లి కథను చివర్నుంచి మొదలుపెట్టాడు: సామాను తరలిపోతున్న ఇంట్లో జబ్బుమనిషి తిరుగుతూ పాతరోజులు గుర్తుచేసుకుంటుంది. సంగీతంలో కత్తిరింపులు ఉన్నాయి, మొత్తం రెండు గంటల లోపే అయిపోతుంది.

స్ట్రాటాస్ సన్నటి మనిషి. ఆ పెద్ద కళ్లు చూస్తే ఎక్కువ రోజులు బతకదని మొదటి సన్నివేశంలోనే తెలిసిపోతుంది. నటనలో ఈ మూడు వీడియోల వియొలెటాల్లోనూ ఈమెదే పైచేయి. అయినా మొదటి అంకం చివర 'సెంప్రె లిబెరా' పాట వచ్చేసరికి నాకు ఎక్కడో తెగిపోతుంది. గొంతు అంత పైకి వెళ్తున్నా మెడనరం కదలదు, ఛాతీ ఎగరదు. ప్లేబ్యాక్‌కు అలవాటుపడ్డ మన కళ్లకు ఇది తప్పుగా తోచకపోవచ్చు. ఊపిరే కథ అయినచోట మాత్రం ఇది చిన్న లోపం కాదు.

రెండోది 1994 డిసెంబరులో లండన్ కోవెంట్ గార్డెన్ ఒపెరా థియేటర్లో జరిగింది. 82 ఏళ్ల కండక్టర్ జార్జ్ షోల్టి జీవితంలో మొదటిసారి ట్రావియాటా నడిపించాడు. దర్శకుడు రిచర్డ్ ఐర్ నాటకరంగం మనిషి, అతనికి ఇదే తొలి ఒపెరా. వియొలెటా ఏంజెలా గెయోర్గియు, రుమేనియా అమ్మాయి, 29 ఏళ్లు. ఆమె గురించి ఊరంతా మాట్లాడుకోవడంతో బీబీసీ తన రెండో చానల్లో ఆ సాయంత్రం కార్యక్రమాలు పక్కన పెట్టి దీన్ని ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. అదే ఇప్పుడు మన చేతికొచ్చే డిస్కు.

ఇక్కడ ఊపిరి కనబడుతుంది. గెయోర్గియు గొంతులో ఒక చీకటి తీపి ఉంది, మూడో అంకంలో 'అడియో డెల్ పస్సాటో' పాడుతుంటే అది నూలుపోగులా సన్నబడుతుంది గానీ తెగదు. షోల్టి ఎక్కడా సాగదీయడు, అలాగని తరమడు. జెర్మోన్‌గా లియో నూచి భేష్. ఆల్ఫ్రెడోగా ఫ్రాంక్ లొపార్డో పాటకు వంక పెట్టలేం, ప్రేమలో పడ్డవాడిలా మాత్రం నాకు ఎప్పుడూ అనిపించలేదు. బాబ్ క్రౌలీ వేసిన సెట్టు పాతకాలపు పారిసే. చిత్రీకరణ కూడా టీవీ ప్రసారం కోసం చేసినదే, నాణ్యత ఆ కాలానికి తగ్గట్టే ఉంటుంది.

మూడోది ఆస్ట్రియాలో 2005 సాల్జ్‌బర్గ్ సంగీతోత్సవం నాటిది. విల్లీ డెకర్ దర్శకత్వం. దీంట్లో పారిస్ లేదు, షాండ్లియర్ లేదు. వంపు తిరిగిన తెల్లటి గోడ, ఎర్ర సోఫా, ఓ పక్కన గోడకంటే బరువుగా కనబడే పెద్ద గడియారం. ఎర్ర గౌనులో వియొలెటాగా అన్నా నెట్రెబ్కో, చుట్టూ ఆడామగా తేడా లేకుండా నల్లసూట్లలో కోరస్. వెర్డి కాసేపు మాత్రమే పాడించిన డాక్టరు గ్రెన్విల్‌ను డెకర్ మొదటినుంచీ వేదికమీద నిలబెట్టాడు. లుయీజి రోని చేసిన ఆ తెల్లజుట్టు ముసలాయన మాట్లాడడు, చూస్తూ ఉంటాడు. అది మృత్యువేనని మనకు చెప్పనక్కర్లేదు.

ఇంట్లో చూడడానికి ఇంత ఖాళీ వేదికేమిటని నేనూ మొదట విసుక్కున్నాను. తీరా చూస్తే ఖాళీయే కెమెరాకు అనుకూలించింది. చూడడానికి ఇంకేమీ లేకపోవడంతో కన్ను మనుషుల్నే పట్టుకుంటుంది. రెండో అంకంలో సోఫాలకు పూలగుడ్డలు కప్పి, వియొలెటాకూ ఆల్ఫ్రెడోకూ అదే గుడ్డ గౌన్లు తొడిగారు. జెర్మోన్ వచ్చి వెళ్లాక ఆ పూలన్నీ ఊడిపోతాయి. థామస్ హాంప్సన్ జెర్మోన్‌లో జాలి తక్కువ, పెద్దరికం ఎక్కువ. జూదంలో గెలిచిన నోట్లను ఆల్ఫ్రెడోగా చేసిన రొలాండో విల్లజోన్ వియొలెటా బట్టల్లోకి కుక్కే చోట నేను రెండుసార్లు ఆపేశాను. నెట్రెబ్కో పరిగెడుతుంది, సోఫా ఎక్కుతుంది, పడుకుని పాడుతుంది, ఆయాసపడుతుంది. అది నటనో నిజమో తెలియదు. కార్లో రిట్సి నడిపిన వియన్నా ఫిల్హార్మోనిక్ కింద నుంచి మోస్తూ ఉంటుంది. గొంతు ఒక్కటే తూకం వేస్తే గెయోర్గియు ముందు నెట్రెబ్కో ఒక మెట్టు దిగువే అంటాను. కొందరు ఒప్పుకోరు.

ఒక్కటే కొనాలంటే సాల్జ్‌బర్గ్. కళ్లు మూసుకుని వినేవాళ్లకు షోల్టి. ఒపెరా అంటేనే భయపడే నాన్నగారినో అత్తగారినో కూర్చోబెట్టాలంటే మాత్రం జెఫిరెల్లి. అక్కడ సినిమా చూశామన్న తృప్తయినా మిగులుతుంది. వేటికీ తెలుగు సబ్‌టైటిళ్లు లేవు, ఇంగ్లిష్ అక్షరాల వెంట పరిగెత్తాల్సిందే. కథ ముందే చెప్పి కూర్చోబెడితే ఆ బాధ సగం తగ్గుతుంది.

చివరి నిమిషంలో వియొలెటా నొప్పి పోయిందని, బలం వస్తోందని లేచి నిలబడుతుంది. మూడు డిస్కుల్లోనూ అక్కడికి వెళ్లి వరసగా చూడండి. స్ట్రాటాస్ ముఖం చూస్తాం. గెయోర్గియు గొంతు వింటాం. నెట్రెబ్కో విషయంలో మాత్రం, నిజంగానే బతుకుతుందేమో అని ఒక్క క్షణం అనిపిస్తుంది.