ఓవెన్ రిపేరుకి ఇస్తున్నారా? డోరు స్విచ్చు "డైరెక్ట్" చేశారేమో చూసుకోండి

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పార్లకిమిడి వైపున్న మన తెలుగువాళ్ళకి ముందు ఒక మాట. బాగుచేయించి తెచ్చుకున్న మైక్రోవేవ్ ఓవెన్ తలుపు తీసినా ఆగకుండా నడుస్తుంటే, వెంటనే గోడ స్విచ్చు ఆపి ప్లగ్గు పీకేయండి. మళ్ళీ పెట్టకండి. మా ఇంట్లో జరిగింది అదే.

మాది పార్వతీపురంలో కొన్న ఓవెన్. వారంటీ అయిపోయింది. తలుపు తీసినప్పుడల్లా ఫ్యూజు పోయేది. కంపెనీకి ఫోన్ చేస్తే బిల్లు ఆంధ్రాది, పిన్‌కోడ్ ఒడిశాది అంటూ అటూ ఇటూ తిప్పారే గానీ మనిషి ఎప్పుడొస్తాడో చెప్పలేదు. సరిహద్దులో ఉన్నవాళ్ళకి ఈ బాధ కొత్త కాదు లెండి. దాంతో బజార్లో టీవీలు, మిక్సీలు బాగుచేసే ఒక షాపులో ఇచ్చాం. ఆ సాయంత్రానికే ఇచ్చేశాడు. ₹1,400 తీసుకున్నాడు. బిల్లు అడిగితే "మనోళ్ళకి బిల్లేంటమ్మా" అన్నాడు.

కొన్నాళ్ళు బాగానే వేడి చేసింది. ఒకరోజు పాలు పొంగేస్తున్నాయని మా అత్తగారు మధ్యలో తలుపు తీశారు. లోపల పళ్ళెం తిరుగుతూనే ఉంది, ఆ మోత ఆగలేదు, అంకెలు తగ్గుతూనే ఉన్నాయి. మా అబ్బాయి పరిగెత్తి బోర్డు మీద స్విచ్చు ఆపాడు.

షాపుకెళ్ళి అడిగితే దాచను కూడా దాచలేదు. "డోరు స్విచ్చులు పోయాయమ్మా, ఆ పార్టు ఇక్కడ దొరకదు, డైరెక్ట్ చేసేశాను. ఫ్యూజు మాటిమాటికీ పోకుండా వైరు వేశాను, ఏం కాదు." అంటే స్విచ్చులతో పనిలేకుండా వైర్లు నేరుగా కలిపేసి, ఫ్యూజు బదులు మామూలు వైరు వేసి, ప్రాణానికి కాపలాగా పెట్టినవన్నీ లేకుండా చేసి, దానికి మన దగ్గరే కూలి తీసుకున్నాడన్నమాట.

ఆ ఫ్యూజు ఎందుకు పోయేదో తెలిస్తే ఇది ఎంత ఘోరమైన పనో తెలుస్తుంది. తలుపు గొళ్ళెం వెనక మామూలుగా మూడు చిన్న స్విచ్చులుంటాయి. తలుపు తీయగానే రెండు కరెంటు తెంపుతాయి. మూడోది మానిటర్ స్విచ్చు. తెగాల్సిన స్విచ్చు అతుక్కుపోయి తెగకపోతే, ఇది కావాలనే షార్టు చేసి ఫ్యూజు కాల్చేస్తుంది. సరిగ్గా తలుపు తీసేటప్పుడే ఫ్యూజు పోతోందంటే ముందు అనుమానించాల్సింది ఆ స్విచ్చుల్నే. వాటిని మార్చకుండా కొత్త ఫ్యూజు వేసినా లాభం లేదు. ఇక వైరు వేయడమంటే ఇల్లు అంటుకున్నా ఫర్వాలేదనుకోవడమే.

ఓవెన్‌లో పుట్టేవి 2,450 మెగాహెర్ట్జ్ తరంగాలు. అణుధార్మికత లాంటిదేమీ కాదు, ఆపగానే ఆగిపోతాయి, కూరలో మిగిలిపోవు. నడుస్తున్నంతసేపూ మాత్రం తడి ఉన్న దేన్నైనా వేడెక్కిస్తాయి, పప్పా, మన చెయ్యా అని చూడవు. కంటి కటకానికి రక్తప్రసరణ ఉండదు కాబట్టి అక్కడి వేడి తొందరగా దిగదు. శుక్లాల భయం అందుకే. ఓవెన్ నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీవాట్లకు మించి బయటికి రాకూడదని పరిమితి. అది తలుపు మూసి ఉన్నప్పటి లెక్క! ఓవెన్‌లో ఫోను పెట్టి రింగైతే లీకున్నట్టే అనే వీడియోలు నమ్మకండి, దానితో ఏమీ తేలదు.

తలుపు వేస్తే టిక్కు టిక్కుమంటోంది కదా అని కూడా ఊరుకోకండి. వైర్లు కలిపేసినా స్విచ్చు టిక్కుమంటూనే ఉంటుంది. కవరు బిగించక ముందే, ప్లగ్గు తీసి ఉండగా, తలుపు తీసీ వేసీ ఒక్కో స్విచ్చునీ మల్టీమీటరుతో చూపించమనండి. తీసిన పాత స్విచ్చులు మీ చేతికి ఇమ్మనండి.

మా మరిది "నేను విప్పి సరిచేసేస్తా వదినా, ప్లగ్గు పీకేశాం కదా" అని స్క్రూడ్రైవరు పట్టుకొచ్చాడు. ముట్టుకోనివ్వలేదు. లోపలి ట్రాన్స్‌ఫార్మరు ఇంట్లోకొచ్చే 230 వోల్టుల్ని దాదాపు 2,000కి పెంచుతుంది. చార్జి నిలవ ఉంచుకునే కెపాసిటరు, డయోడు కలిసి దాన్ని ఆ తరంగాల్ని పుట్టించే మాగ్నెట్రాన్ దగ్గరికి 4,000 దాకా చేరుస్తాయి. ప్లగ్గు తీశాక కూడా కెపాసిటరులో చార్జి నిలిచి ఉండొచ్చు. దాన్ని మెల్లగా ఖాళీ చేసే రెసిస్టరు చాలావాటిలో ఉంటుంది గానీ, అది కాలిపోయిందో లేదో పైకి కనబడదు.

పాత పిక్చర్ ట్యూబు టీవీలు చేసిన మెకానిక్కులు "ఇరవై వేల వోల్టుల షాకే తిన్నాం, ఇదెంత" అంటారు. టీవీలో వోల్టులెక్కువ, కరెంటు బహు తక్కువ. ఓవెన్ ట్రాన్స్‌ఫార్మరు గుండె ఆగిపోయేంత కరెంటు ఇస్తుంది. పని తెలిసినవాడు కవరు విప్పగానే ముందు కెపాసిటరుని డిశ్చార్జి చేస్తాడు, ఆ తర్వాతే చెయ్యి పెడతాడు. 600, 1,000 వోల్టుల మామూలు మీటరుతో నడుస్తున్న ఓవెన్‌లో హై వోల్టేజి కొలవడు. మీ ఎదురుగా ఈ జాగ్రత్తలేవీ తీసుకోకుండా చేతులు దూర్చేస్తుంటే ఓవెన్ వెనక్కి తెచ్చేసుకోండి, అతని మంచికి కూడా.

ప్లగ్గుకి మూడో పిన్ను ఉందో, బోర్డులో ఎర్తు నిజంగా వస్తోందో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ట్రాన్స్‌ఫార్మరులోని హై వోల్టేజి తీగ చుట్ట ఒక కొస ఓవెన్ బాడీకే కలిపి ఉంటుంది, ఎర్తు లేకుండా వాడటం ప్రమాదం. లోపల మెరుపులొస్తున్నాయని వెళ్తే మాగ్నెట్రాన్ పోయిందని వెంటనే పెద్ద లెక్క చెబుతారు. చాలాసార్లు అది ఓవెన్ లోపలి గోడకుండే, జిడ్డుపట్టి మాడిన మైకా రేకు, చవకలో మారుతుంది. పాత మాగ్నెట్రాన్‌లోని గుండ్రటి అయస్కాంతాలు పిల్లలకిస్తారు కొందరు. మాగ్నెట్రాన్‌లోని పింగాణీ భాగాన్ని కొన్నిటిలో బెరీలియం ఆక్సైడుతో చేస్తారు, పగిలితే ఆ పొడి పీల్చడం విషం. విప్పనివ్వకండి.

బిల్లు లేనిదే డబ్బివ్వకండి. ఏ పార్టు మార్చారో దానిమీద రాయించండి. ఆంధ్రాలో కొన్నా, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. ముందు 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది.

మా ఓవెన్‌ని ఎవరూ పొరపాటున పెట్టకుండా ప్లగ్గు కోసేసి అటకెక్కించాం. పార్వతీపురం, బొబ్బిలి, రాయగడల్లో ఒరిజినల్ డోరు స్విచ్చులు తెప్పించి, బిల్లిచ్చి వేసేవాళ్ళు ఎవరైనా తెలిస్తే చెప్పండి. మోడల్ నంబరు పంపిస్తాను.