నాలుగంగుళాల ఊఫర్‌తో ఆరు నెలలు

నాలుగంగుళాల ఊఫర్, అంటే కింది స్వరాలు (బేస్) పలికే కోను, ఉన్న ఈ స్పీకర్ల జత పెట్టె విప్పిన రోజు ఉసూరుమన్నాను. గొంతులు అద్దంలా ఉన్నాయి గానీ, డోలు మోగుతుంటే ఎవరో అట్టపెట్టె మీద తడుతున్నట్టుంది.

వాపసు పంపేద్దామనుకుంటూనే జరిపి చూశాను. గది మధ్యకు పెట్టిన స్టాండ్లను గోడకు జానెడు దూరానికి తెచ్చేసరికి బేస్ నిండుగా వచ్చింది. ఆ ఉత్సాహంలో మూలకు నెట్టానా, ప్రతి పాటా ఒకటే 'బూం'! వెనకున్న గాలి రంధ్రంలో, అదే పోర్టులో, పాత సాక్సులు చుట్టి దూరిస్తే ఆ బూం సగం తగ్గింది. (ఉతికినవే లెండి.)

నా కుర్చీదీ తప్పుంది. సరిగ్గా గది నడిమధ్యన వేసుకున్నాను. గోడల నుంచి తిరిగొచ్చే తరంగాలు అక్కడ కొన్ని కింది స్వరాలను మింగేస్తాయి. రెండడుగులు వెనక్కి జరిగితే మాయమైన బేస్ గిటార్ మళ్లీ వినబడింది.

అయినా అంత చిన్న కోను ఎంత గాలిని నెట్టగలదు? ఈ జత 60 హెర్ట్జ్ కింద చేతులెత్తేస్తుంది. బేస్ గిటార్ లావు తీగ పలికేది 41 దగ్గర. ఈక్వలైజర్‌లో బేస్ పెంచి సౌండ్ ఎక్కిస్తే కోను టపటపా కొట్టుకుంది, భయపడి దించేశాను. చివరికి సబ్‌ఊఫర్, అంటే బేస్ మాత్రమే పలికే విడి స్పీకర్, చేర్చి, రెండింటికీ స్వరాలు పంచే హద్దును, అదే క్రాసోవర్‌ను, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. సబ్ తరంగాన్ని తలకిందులు చేసే ఫేజ్ స్విచ్ 180 డిగ్రీలకు తిప్పాకే రెండూ కలిసి పలికాయి.

సబ్ లేకుండా అయిదుకు మూడు. రాత్రిళ్లు మెల్లగా పెట్టుకుని వినేవాళ్లకైతే నాలుగు. పెట్టెలో ఇచ్చిన వైరు మాత్రం మరీ పొట్టి.