ఏడేళ్ళు నడిపాక మిథనాల్ లేజర్ గురించి

విజయనగరంలో మా కాలేజీ ల్యాబ్‌లో ఉన్న ఫార్ ఇన్‌ఫ్రారెడ్ గ్యాస్ లేజర్‌ని ఏడేళ్ళుగా నేనే నడుపుతున్నాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ని (దీన్నే పంప్ లేజర్ అంటాం) 9పి36 గీత మీద, అంటే అది ఇవ్వగల తరంగదైర్ఘ్యాల్లో ఒకదాని మీద పెట్టి, ఆ కాంతిని పల్చగా మిథనాల్ ఆవిరి నింపిన గొట్టంలోకి పంపితే 118.8 మైక్రాన్ల కిరణం, అంటే 2.52 టెరాహెర్ట్జ్, బయటికొస్తుంది. 2004లో నాసా పంపిన ఆరా ఉపగ్రహంలోనూ మిథనాల్ లేజరే పెట్టారు, కాబట్టి పద్ధతి మీద అనుమానం అక్కర్లేదు.

పవర్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 40 వాట్లు లోపలికి పంపితే, అన్నీ కుదిరిన రోజున నాకు 60 మిల్లీవాట్లు వచ్చాయి, మామూలు రోజుల్లో అందులో సగం.

మొదటి రెండేళ్ళూ పవర్ పడిపోయిన ప్రతిసారీ మిథనాల్ గొట్టాన్నే విప్పి, అద్దాలు తుడిచి, మళ్ళీ బిగించి వారాలకి వారాలు పోగొట్టుకున్నాను. తప్పు చాలాసార్లు అక్కడ లేదు. చిల్లర్, అంటే లేజర్‌ని చల్లబరిచే యంత్రం, నీళ్ళ వేడి కాస్త అటూ ఇటూ అయినా పంప్ లేజర్ ఫ్రీక్వెన్సీ జరిగిపోతుంది, మిథనాల్ దాన్ని పీల్చుకోదు. మంచి చిల్లర్ పెట్టాక టెన్షన్ సగం తగ్గింది. ఒకసారి మాత్రం పైడితల్లమ్మ పండగ సెలవులకి మూసి వెళ్ళి వచ్చేసరికి గొట్టంలోకి గాలి దిగిపోయింది, చూస్తే మిథనాల్ సీసా దగ్గరి ఓ-రింగ్ (గాలి దూరకుండా పెట్టే రబ్బరు ఉంగరం) ఉబ్బి ఉంది. కొనేటప్పుడే మిథనాల్‌కి తట్టుకునే రబ్బరు అడగండి.

ఇక మన గాలి. వానాకాలం సముద్రపు గాలిలో ఎంత చెమ్మ ఉంటుందో మీకు తెలుసు, ఈ కిరణాన్ని నీటి ఆవిరి బాగా మింగేస్తుంది, అందుకని డిటెక్టర్‌ని మీటరు దూరం జరిపితే రీడింగ్ చప్పున పడిపోయేది. కిరణం వెళ్ళే దారంతా యాక్రిలిక్ పెట్టెలో మూసి పొడి నైట్రోజన్ వదిలాం, అప్పటినుంచి ఆగస్టులోనూ పని ఆగలేదు. సిలిండర్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

పిల్లలకి చూపించడానికి ఇంతకంటే మంచి పరికరం నాకు దొరకలేదు. గొట్టం చివరి అద్దాన్ని జరిపే మైక్రోమీటర్ మరని తిప్పుతూ ఉంటే ప్రతి 59.4 మైక్రాన్లకీ పవర్‌లో ఒక శిఖరం వస్తుంది, తరంగదైర్ఘ్యంలో సరిగ్గా సగం, అది వాళ్ళే కొలిచి కాగితం మీద రాసుకుంటారు. పచ్చి తమలపాకు అడ్డం పెడితే కిరణం ఆగిపోతుంది, అదే ఆకు ఎండేకొద్దీ రోజురోజుకీ కాస్త కాస్త దాటుతుంది.

పంప్ కిరణం కంటికి కనిపించదు, లేజర్ రక్షణ కళ్ళద్దాలు లేకుండా గదిలోకి ఎవరినీ రానివ్వకండి. వాక్యూమ్ పంపు పొగని గొట్టంతో బయటికి వదలండి, మిథనాల్ విషం.