కన్ను మసకబారినప్పుడు వీడీఆర్ఎల్ ఒక్కటే చాలా?

నేను విజయవాడ సూర్యారావుపేటలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఒకాయన కన్ను ఎర్రబడి, చూపు మసకబారి చాలా రోజులు తిరిగారు. అప్పటికే వేరేచోట స్టెరాయిడ్ చుక్కలు వేశారు. సిఫిలిస్ (లైంగికంగా సోకే జబ్బు) ఉందేమోనని వీడీఆర్ఎల్ అనే రక్తపరీక్ష చేసి ‘నాన్ రియాక్టివ్’, అంటే నెగటివ్ అని ఇచ్చారు. కంటి డాక్టరుగారికి అనుమానం పోక సిఫిలిస్‌కే చేసే మరో రక్తపరీక్ష టీపీహెచ్ఏ రాసి మా దగ్గరికి పంపారు. పాజిటివ్! రక్తం నుంచి తీసిన సీరాన్ని సెలైన్‌తో పలచన చేసి వీడీఆర్ఎల్ మళ్లీ పెడితే 1:128 వచ్చింది, అంటే 128 రెట్లు పలచన చేసినా పాజిటివే. ఈ అంకెనే టైటర్ అంటాం. యాంటీబాడీలు మరీ ఎక్కువగా ఉంటే పలచన చేయని సీరంలో పాజిటివ్‌ని చూపే ముద్దలు కట్టవు. దీన్నే ప్రోజోన్ అంటాం. మొదటి ల్యాబ్‌లో పలచన చేయలేదు, అంతే.

వీడీఆర్ఎల్ చవక, త్వరగా అయిపోతుంది. కానీ అది సిఫిలిస్ క్రిమిని నేరుగా పట్టదు. కణాలు దెబ్బతిన్నప్పుడు బయటపడే కొవ్వు పదార్థం మీద పుట్టిన యాంటీబాడీలను చూస్తుంది. అందుకే గర్భిణులకు, లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటినే దెబ్బతీసే జబ్బు), కుష్టు, మలేరియా ఉన్నవాళ్లకు ఒక్కోసారి అబద్ధపు పాజిటివ్ వస్తుంది. జబ్బు పాతబడితే మందు వాడకపోయినా నెగటివ్‌కి మారవచ్చు. కన్ను, చెవి, మెదడు దెబ్బతినేది ఎక్కువగా మొదట్లోనే అనుకోకండి, ఏళ్ల తర్వాతా జరుగుతుంది.

టీపీహెచ్ఏ ఆ క్రిమి మీద పుట్టిన యాంటీబాడీలనే చూస్తుంది. అయితే ఒకసారి పాజిటివ్ అయితే చాలామందికి జీవితాంతం అలాగే ఉంటుంది, కాబట్టి మందు పనిచేసిందో లేదో దీంతో తేలదు.

నా మాట: కారణం తెలియకుండా కంటి లోపల వాపు వచ్చినా, ఉన్నట్టుండి వినికిడి తగ్గినా, చిన్న వయసులో పక్షవాతం వచ్చినా టీపీహెచ్ఏ తప్పకుండా చేయించాలి, హెచ్ఐవీ కూడా. వీడీఆర్ఎల్ టైటర్ మందు పనితీరు చూడటానికి కావాలి. 1:32 నుంచి 1:8కి, అంటే నాలుగో వంతుకు దిగితే మందు పనిచేసినట్టు. వెన్నులో నీరు తీసి చేసే వీడీఆర్ఎల్ పాజిటివ్ అయితే గట్టి రుజువే, నెగటివ్ అయితే మాత్రం జబ్బు లేదని చెప్పలేం.

కంటికి పాకితే తుంటికి వేసే ఒక్క ఇంజెక్షన్ సరిపోదు. ఆసుపత్రిలో చేరి 10 నుంచి 14 రోజులు నరానికి పెన్సిలిన్ ఎక్కించుకోవాలి. పరువు పోతుందని ఆగేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల సురక్ష క్లినిక్‌లలో పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు.

ఆయన ఆరు నెలలకి మళ్లీ వచ్చారు. టైటర్ 1:16. ఈసారి భార్యను కూడా పరీక్షకు తీసుకొచ్చారు.